అడ్డపొగ

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు సముద్రతీరపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళకి చెప్పాలి. మామూలుగా చుట్ట తాగేవాళ్ళు ఒక కొన నోట్లో పెట్టుకుని రెండో కొన వెలిగిస్తారు. అడ్డపొగ తాగేవాళ్ళు వెలిగించి నాలుగు దమ్ములు లాగాక చుట్టని తిరగేసి, నిప్పున్న కొనని నోట్లో పెట్టుకుంటారు. పెదాలు మూసేస్తారు. బయటికి కనిపించేది కాలని కొన ఒక్కటే. నిప్పుకి గాలి ఆ కొనలోంచే అందుతుంది. నుసి ఉమ్మేస్తారు, లేకపోతే మింగేస్తారు. ఉమ్మితడి తగిలి చుట్ట నెమ్మదిగా కాలుతుంది గనక ఒకటి చాలాసేపు వస్తుంది.

ప్లెయిన్స్‌బరోలో ఒక శనివారం సాయంత్రం నలుగురం కూర్చున్నప్పుడు ఈ సంగతి చెబితే మా గుంటూరు మిత్రుడు నమ్మలేదు. వాళ్ళది మూడు తరాలుగా పొగాకు పండించిన ఇల్లు. "పొగాకు గురించి నాకు చెబుతున్నావా? నిప్పు నోట్లో పెట్టుకోవటం ఏమిటి, గారడీయా?" అన్నాడు. గారడీ కాదు. మా నాయనమ్మ అలాగే తాగేది. చుట్ట నోట్లో ఉండగానే పిండి రుబ్బేది, బట్టలుతికేది, నన్ను తిట్టేది కూడా. మా ఊళ్ళో అది వింత కాదు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా తాగేవారు. ఎందుకలా అని అడిగితే ఒకొక్కరు ఒకొక్క కారణం చెప్పేవారు. గాలికి ఆరిపోదని, పిల్లల మీద నిప్పురవ్వ పడదని, చలికి వెచ్చగా ఉంటుందని, పంటినొప్పికి మంచిదని. అసలు కారణం మాత్రం ఒకటే అనుకుంటాను. వాళ్ళమ్మ అలా తాగింది గనక.

ఈ అలవాటు మన ఒక్కళ్ళదే కాదు. కరీబియన్ దీవుల్లో, కొలంబియా, పనామా, వెనిజులాల్లో, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఉంది. ఇన్ని దూరదేశాల్లో విడివిడిగా ఎలా పుట్టిందో తెలుసుకోవాలనే కుతూహలం నాకూ ఉంది గానీ ఈ వ్యాసం దాని గురించి కాదు. ఆ నిప్పు కింద ఉన్న అంగిలి గురించీ, ఆ అంగిలిలోకి టార్చి వేసి చూసిన పళ్ళ డాక్టర్ల గురించీ.

ముందు అంగిలి సంగతి. పొగ, పొగాకు నమలటం, కిళ్ళీ, వీటివల్ల నోట్లో వచ్చే కేన్సరు మామూలుగా బుగ్గ లోపల, నాలుక పక్కన, చిగుళ్ళ దగ్గర, నాలుక కింద వస్తుంది. గట్టి అంగిలిలో రావటం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. విశాఖపట్నంలో అరుదు కాదు. అక్కడ 1923లో మొదలైన వైద్య కళాశాల, దాన్ని అంటిపెట్టుకున్న కింగ్ జార్జి ఆసుపత్రి (అదే మన కేజీహెచ్) చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ పెద్ద దిక్కు. 1937లో అక్కడి ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో కేన్సరు సమస్య మీద వ్యాసం రాశారు. ఇరవై ఏళ్ళ తరవాత, 1957లో, డి.జి. రెడ్డి, వి.కె. రావు రాసిన వ్యాసం పేరులోనే విషయం అంతా ఉంది: చుట్టని నిప్పు లోపలికి పెట్టి తాగటం వల్ల కోస్తా ఆంధ్రలో వచ్చే అంగిలి కేన్సరు. 1974లో సి.ఆర్.ఆర్.ఎమ్. రెడ్డి ఇదే సంగతిని అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ పత్రికలో మరింత వివరంగా రాశారు.

ఇవన్నీ మంచి పరిశోధనలు. అయితే వీటికి ఒక పరిమితి ఉంది, దాన్ని మా వృత్తిలోవాళ్ళు చప్పున పట్టుకుంటారు. ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకి వచ్చిన రోగులే కనిపిస్తారు. రానివాళ్ళు లెక్కలోకి రారు. వంద మంది అంగిలి కేన్సరు రోగుల్లో తొంభై మంది అడ్డపొగ తాగేవాళ్ళే అని తేలిందనుకోండి. ఊళ్ళో మొత్తం ఎంతమంది అడ్డపొగ తాగుతున్నారో తెలియకపోతే ఆ తొంభైకి అర్థం లేదు. ఊళ్ళో కూడా నూటికి తొంభై మంది తాగుతుంటే అలవాటుకీ జబ్బుకీ సంబంధం ఉన్నట్టే కాదు. పైన అంకె ఆసుపత్రి ఇస్తుంది. కింద అంకె కోసం ఎవరో ఒకరు ఊరూరూ తిరగాలి.

ఆ తిరిగినవాళ్ళు బొంబాయి నుంచి వచ్చారు. ఎక్కణ్ణుంచో వింటే ఆశ్చర్యపోతారు: టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. హోమీ భాభా పెట్టిన సంస్థ అది. కాస్మిక్ కిరణాలు, పరమాణు కేంద్రకాలు, గణితం చదివేవాళ్ళు ఉండే చోటు. అక్కడ బేసిక్ డెంటల్ రీసెర్చ్ యూనిట్ అని ఒక చిన్న విభాగం ఉండేది, దానికి ఫాలీ మెహతా అనే దంతవైద్యుడు పెద్ద. ఆయనతో డి.కె. దఫ్తరీ వంటి దంతవైద్యులు, ప్రకాష్ గుప్తా అనే గణాంక నిపుణుడు పనిచేశారు. కోపెన్‌హేగెన్ నుంచి జెన్స్ పిండ్‌బోర్గ్ వచ్చి కలిశాడు. నోటి జబ్బుల శాస్త్రంలో ఆ రోజుల్లో అంత పేరున్నవాడు మరొకడు లేడు. దవడలో వచ్చే ఒక అరుదైన గడ్డకి ఈనాటికీ ఆయన పేరే ఉంది.

వీళ్ళు 1966 నుంచి 1969 దాకా అయిదు జిల్లాలు ఎంచుకుని ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు చూశారు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, అప్పటి బీహారులో సింగ్‌భూమ్, దర్భంగా, మన రాష్ట్రంలో శ్రీకాకుళం. మొత్తం 50,915 మంది గ్రామస్థులు. అందులో శ్రీకాకుళం జిల్లా వాటా 10,169 మంది. వీళ్ళలో నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగుతున్నారని తేలింది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో ఆ పదివేల మంది అంగిళ్ళ మీద వ్యాసం వచ్చింది. కింద అంకె దొరికింది.

ఒక్క క్షణం ఆగి ఆ సంవత్సరాలు చూడండి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపారు. అక్కణ్ణుంచి శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధమైంది. 1970 జూలైలో వెంపటాపు సత్యం చనిపోయాడు. శ్రీకాకుళం అనే పేరు ప్రపంచానికి తెలిసింది అందువల్లే. సరిగ్గా అదే జిల్లాలో, అవే ఏళ్ళలో, మరికొందరు టార్చిలైటూ, నోరు చూసే చిన్న అద్దమూ పట్టుకుని ఇళ్ళ ముందు నిలబడి "అమ్మా, ఒకసారి నోరు తెరు" అని అడుగుతున్నారు. ఒకరి సంగతి మరొకరికి తెలుసో తెలియదో. మన చరిత్ర పుస్తకాల్లో మొదటి కథకి చోటుంది. ఉండాల్సిందే. రెండో కథకి ఒక్క పేజీ ఇచ్చిన పుస్తకం తెలుగులో నా కంట పడలేదు.

ఇంక డబ్బు సంగతి. ఈ పని మీద వచ్చిన వ్యాసాల అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పీఎల్-480 నిధులు ఇచ్చాయని దాని సారాంశం. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నది ఆ వాక్యం చూశాకే.

మా తరానికి, అంతకన్నా మా అమ్మానాన్నల తరానికి, పీఎల్-480 అంటే గోధుమలు. 1954లో ఐసన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టం అది. అమెరికాలో మిగిలిపోయిన ధాన్యం మన దేశానికి వచ్చేది. డాలర్లు లేవు గనక మనం రూపాయల్లో చెల్లించేవాళ్ళం. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇండియాలోనే పోగుపడేవి. బయటికి తీసుకుపోవటానికి లేదు, ఇక్కడే ఖర్చు పెట్టాలి. ఆ గుట్ట ఎంత పెరిగిందంటే, 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహన్ అందులో పెద్ద భాగాన్ని మనకి తిరిగి ఇచ్చేస్తూ 1,664 కోట్ల రూపాయలకి ఒక చెక్కు రాశాడు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద చెక్కు లేదన్నారు. ఆ గోధుమలతో పాటే వయ్యారిభామ కలుపుమొక్క కూడా వచ్చిందని మనవాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటారు.

ఆ రూపాయల్లో కొంత పుస్తకాలకి వెళ్ళింది. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఢిల్లీలో ఆఫీసు పెట్టి, భారతీయ భాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకి పంపించారు. ఇక్కడి లైబ్రరీల్లో దుమ్ము దులిపి పాత తెలుగు నవల తీస్తే, అది ఇక్కడికి చేరిన దారి చాలాసార్లు ఇదే. మనలో ఆ పుస్తకాల మీద బతికినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. అదే ఖాతాలోంచి మరికొంత శ్రీకాకుళం పల్లెల్లో నోళ్ళు చూసే జీపులకీ, జీతాలకీ వెళ్ళిందని నాకు అప్పటిదాకా తెలియదు. కరువు రోజుల్లో మా వాళ్ళు తిననని మొహం చిట్లించిన ఎర్ర గోధుమల ఖరీదు తిరిగి తిరిగి మా నాయనమ్మలాంటి వాళ్ళ అంగిట్లో టార్చి వెలుగై పడింది.

సరే, ఆ వెలుగులో ఏం కనిపించింది? తెల్లగా మందం కట్టిన చర్మం. ఉమ్మి గ్రంథుల నోళ్ళ దగ్గర ఎర్రటి చుక్కలు. కొన్నిచోట్ల నల్లబారటం, కొన్నిచోట్ల రంగు పూర్తిగా పోయి పాలిపోవటం. ఎర్రటి మచ్చలు. పుళ్ళు. ఒక్కొక్క అంగిట్లో ఇవన్నీ కలిసి కూడా. పైపు తాగే పాశ్చాత్యుల అంగిట్లో కూడా తెల్లటి మందం వస్తుంది. దాన్ని డాక్టర్లు పెద్దగా పట్టించుకోరు, అలవాటు మానేస్తే పోతుంది, సాధారణంగా కేన్సరుకి దారితీయదు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి అలా కాదు. అక్కడ పొగే కాదు, నిప్పే ఉంది. కరీబియన్ ప్రాంతంలో ఇలా తాగేవాళ్ళ మీద 1960లలో కొలిచి చూస్తే నోటి లోపల వేడి 120 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వెళ్ళింది. రోజూ, ఏళ్ళ తరబడి. ఈ అంగిళ్ళని ఓపిగ్గా రకాలుగా విడదీసి, సూక్ష్మదర్శిని కింద చూసి, 1977లో మెహతా బృందం మరో వ్యాసం వేసింది. అందులో మనలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తెల్లమచ్చకన్నా, ఎవరూ పట్టించుకోని ఎర్రమచ్చ ప్రమాదం.

ఇక్కడ మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. 1980ల్లో, నేను హైస్కూల్లో ఉండగా, ఆవిడ అంగిట్లో పుండు పడింది. వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగమన్నారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. నొప్పి లేదు గనక ఆవిడ కూడా ఊరుకుంది. నొప్పి లేకపోవటమే దాని మోసం. కొన్ని నెలలకి ఒకరోజు గంజి తాగుతుంటే అది ముక్కులోంచి వచ్చింది. అంగిలికి కన్నం పడింది. మాట కూడా ముక్కుతో మాట్లాడినట్టు అయిపోయింది. పిల్లలం నవ్వాం. అప్పుడు తీసుకెళ్ళారు విశాఖపట్నం. ఆ ఏడాది దాటలేదు.

అంగిలికి కన్నం పడితే దాన్ని మూసేది పళ్ళ డాక్టరే, ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. కట్టుడు పళ్ళ సెట్టులాంటిదే, పైన ఒక బుడిపె ఉంటుంది, అది ఆ కన్నంలో కూర్చుంటుంది. ఆబ్చురేటర్ అంటారు. పదహారో శతాబ్దంలో ఫ్రాన్సులో ఆంబ్రోయిజ్ పారే అనే శస్త్రవైద్యుడు పెట్టిన పేరు. అది పెట్టుకుంటే గంజి ముక్కులోకి పోదు, మాట స్పష్టంగా వస్తుంది. ప్రాణం నిలబెట్టదు, కానీ మిగిలిన రోజులు పక్కవాళ్ళతో కూర్చుని తినగలిగేలా చేస్తుంది. దంతవైద్యం అంటే పుచ్చుపళ్ళు పీకటం అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నిజానికి సినిమాలూ టీవీ సీరియళ్ళూ చూసేవాళ్ళకి దంతశాస్త్రం అంటే ఇంకోటి గుర్తొస్తుంది, శవాల్ని గుర్తుపట్టటం. దానికీ పెద్ద చరిత్రే ఉంది. 1776లో పాల్ రివీర్, తాను కట్టిన పన్ను చూసి, బంకర్‌హిల్ యుద్ధంలో పోయిన జోసెఫ్ వారెన్ శవాన్ని గుర్తుపట్టాడు. 1849లో బోస్టన్‌లో పార్క్‌మన్ హత్యకేసులో పొయ్యిలో దొరికిన కట్టుడు పళ్ళని, అవి చేసిన డాక్టరు కీప్ కోర్టులో గుర్తుపట్టి చెప్పాడు. నిప్పుకీ నీళ్ళకీ తట్టుకుని ఆఖరి దాకా మిగిలేవి పళ్ళే గనక, పాత ఎక్స్‌రేతో పోల్చి మనిషిని గుర్తుపట్టటం ఈనాటికీ నమ్మకమైన పద్ధతే. దానికి తోడబుట్టినట్టు చెప్పుకునే కాటుగాట్ల శాస్త్రం మాత్రం నిలబడలేదు. చర్మం మీద పంటిగాటు చూసి ఫలానావాడే కొరికాడని చెప్పటానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో తేల్చేసింది. ఈలోపు దాన్ని నమ్మి జైల్లో పెట్టిన నిర్దోషులు ఉన్నారు. అరిజోనాలో రే క్రోన్ మరణశిక్ష కూడా ఎదుర్కొని, చివరికి డీఎన్‌ఏ పరీక్షవల్ల 2002లో బయటపడ్డాడు.

దంతశాస్త్రంలో పేరొచ్చేది ఈ కోర్టు కథలకే. పేరు రాని పని శ్రీకాకుళంలో జరిగింది. అక్కడ కూడా ఒక రకం గుర్తుపట్టటమే అనుకోండి. మామూలుగా చుట్ట తాగేవాడి పళ్ళకి ముందువైపు గార కడుతుంది. అడ్డపొగ తాగేవాళ్ళ పై పళ్ళకి లోపలివైపు కడుతుంది. బయటికి తెల్లగా నవ్వినా, చిన్న అద్దం లోపల పెడితే అలవాటు బయటపడిపోతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ మనిషి ఇంకా బతికే ఉంది.

మొదటి సర్వే తరవాత ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం మూడు జిల్లాల్లో 30 వేల మందిని పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశారు. 1980లో ఆ ఫలితాలు వచ్చాయి. నోటి కేన్సరు దాదాపుగా పొగాకు వాడేవాళ్ళకే వస్తోంది. అది కూడా ఉన్నట్టుండి రావటం లేదు. ముందుగా మచ్చో, మందమో, పుండో వచ్చిన చోటే వస్తోంది. అంటే ఏళ్ళ ముందే కంటితో పట్టుకోవచ్చు. 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అడ్డపొగ తాగేవాళ్ళ మరణాల మీద మరో వ్యాసం వచ్చింది.

ఈ పదేళ్ళ పని గురించి నాకో ఇబ్బంది ఉంది, దాన్ని దాచను. అది చూడటానికి ఉద్దేశించిన అధ్యయనం, మాన్పించటానికి కాదు. కళ్ళముందు మచ్చ పెరుగుతున్న మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళి మళ్ళీ రాసుకోవటం ఈనాటి పద్ధతుల ప్రకారం అంత తేలిగ్గా ఒప్పుకునేది కాదు. ఆనాటికి మచ్చల్లో ఎన్ని కేన్సరవుతాయో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలంటే చూడాల్సిందే, ఆ వాదం నాకు అర్థమవుతుంది. అర్థమైనా ఇబ్బంది పోదు. ఆ బృందానికి కూడా పోలేదేమో, ఎందుకంటే తరవాత వాళ్ళు చేసిన పని దానికి జవాబులా ఉంటుంది. అవే మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్ళని కొత్తగా ఎంచుకుని, ఈసారి ఊరికే చూడకుండా మాన్పించే ప్రయత్నం చేశారు. ఏటేటా నోరు చూస్తూ మనిషి మనిషికీ విడిగా చెప్పటం, సినిమాలు, పోస్టర్లు, రేడియో. పాత బృందాన్ని పోలికకి పెట్టుకున్నారు. 1986లో లాన్సెట్‌లో మొదటి అయిదేళ్ళ ఫలితం వచ్చింది. చెప్పటంవల్ల మానినవాళ్ళు పెరిగారు, మానినవాళ్ళ నోళ్ళలో కొత్త మచ్చలు తగ్గాయి. ఇది ఇవాళ మామూలు మాటలా వినిపిస్తుంది. ఆనాటికి చదువురాని పల్లెటూరివాళ్ళకి చెప్పినా వినరన్నది పెద్దల నమ్మకం. అది తప్పని శ్రీకాకుళం ఆడవాళ్ళే నిరూపించారు.

మా ఊరి లెక్క నాకు తెలిసినంతలో ఇది: నాయనమ్మ తాగేది, పెద్దమ్మ తాగేది, పెద్దమ్మ కూతురు ముట్టుకోలేదు. చదువు ఎంత, చెప్పినవాళ్ళు ఎంత, తల్లి ముక్కులోంచి గంజి రావటం చూడటం ఎంత, విడదీసి చెప్పలేను. విశాఖ నుంచి గవరసాన శాస్త్రి వంటి కేన్సరు వైద్యులు, నెదర్లాండ్స్ నుంచి వచ్చినవాళ్ళతో కలిసి 1990ల్లో కూడా ఈ ఊళ్ళలో తిరిగి వ్యాసాలు రాశారు. అప్పటికీ అలవాటు బాగానే ఉంది.

ఇక వైద్యం సంగతికి వస్తే, ఇక్కడ ప్లెయిన్స్‌బరో కథలోకి వస్తుంది. ఈ ఊళ్ళో స్కడర్స్ మిల్ రోడ్డు మీద బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ ఆఫీసు చాలా ఏళ్ళు ఉండేది. కన్సల్టింగ్ పని మీద అందులోకి వెళ్ళి వచ్చిన తెలుగువాళ్ళు ఎంతమందో. ఆ కంపెనీ 2009లో, ప్రిన్స్‌టన్‌లోనే ఉన్న మెడరెక్స్ అనే చిన్న కంపెనీని 240 కోట్ల డాలర్లు పెట్టి కొంది. ఆ సంచిలో వచ్చిన మందుల్లో ఒకటి నివొలుమాబ్. కేన్సరు కణం మన రక్షణ కణాలకి పెట్టే బ్రేకుని తీసేసే మందు. తల, మెడ భాగాల కేన్సరు (నోటి కేన్సరు ఇందులోకే వస్తుంది) తిరగబెట్టినవాళ్ళ మీద 361 మందితో పరీక్షించి చూస్తే, ఏడాది బతికినవాళ్ళు నూటికి 16.6 నుంచి 36కి పెరిగారు. 2016 నవంబరులో ఇక్కడ అనుమతి వచ్చింది.

గొప్ప మందే. ధర కూడా అంత గొప్పది. మన దేశంలో నోటి కేన్సరు కొత్త రోగులు 2020 అంచనా ప్రకారం ఏడాదికి లక్షా ముప్పై అయిదు వేల పైచిలుకు. ఇలాంటి మందులు అందేది, బీద, మధ్య ఆదాయ దేశాల్లో, నూటికి ఒకరికో ముగ్గురికో. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం ఒక మొండి ప్రశ్న వేసింది. అసలు అంత మోతాదు ఎందుకు? ఈ మందు అంటుకోవలసిన కొక్కేలు చాలా తక్కువ మోతాదుకే నిండిపోతాయని మొదటి పరీక్షల్లోనే కనిపించింది కదా? ఇక్కడ రెండు వారాలకి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. వాళ్ళు మూడు వారాలకి 20 ఇచ్చారు. లెక్క వేసుకోండి, పద్దెనిమిదో వంతు. దానికి తోడు చవకగా దొరికే మూడు మాత్రల మందులు. 151 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మాత్రలు ఒక్కటే, రెండో జట్టుకి మాత్రలతో పాటు ఈ చిటికెడు నివొలుమాబ్. ఏడాదికి బతికి ఉన్నవాళ్ళు మొదటి జట్టులో నూటికి 16.3, రెండో జట్టులో 43.4. అన్నట్టు, ఈ టాటా మెమోరియల్ 1962 నుంచి అణుశక్తి శాఖ కింద ఉంది. మెహతా పళ్ళ డాక్టర్ల విభాగం ఉన్న టాటా ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ శాఖదే. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఇప్పుడు నడుస్తోంది. శ్రీకాకుళం నుంచి బస్సులో రెండు మూడు గంటలు.

అయినా ఈ అంకెలన్నీ జబ్బు ముదిరినవాళ్ళవి. ముందుగా పట్టుకుంటే కథ వేరు. 2015లో అదే టాటా మెమోరియల్ నుంచి అనిల్ డిక్రూజ్ బృందం, నోటి కేన్సరు తొలిదశలోనే మెడ గ్రంథులు కూడా తీసేస్తే మూడేళ్ళు బతికేవాళ్ళు నూటికి 67.5 నుంచి 80కి పెరుగుతారని చూపించింది. అంతకుముందు 2005లో తిరువనంతపురం జిల్లాలో, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి వట్టి కంటితో నోళ్ళు చూస్తే, పొగాకు, మందు అలవాటున్నవాళ్ళలో నోటి కేన్సరు చావులు మూడో వంతు తగ్గాయని తేలింది. యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు. ఒక టార్చి.

ఇక్కడ నా పళ్ళ డాక్టరు దగ్గర ఆరునెలలకోసారి పళ్ళు శుభ్రం చేయించుకుంటానా, ఆ అమ్మాయి గాజుగుడ్డతో నా నాలుక పట్టుకుని అటూ ఇటూ లాగి చూస్తుంది. తల వెనక్కి వంచమని అంగిలి చూస్తుంది. ముప్పై సెకన్లు. చాలా ఏళ్ళు అది కూడా శుభ్రం చెయ్యటంలో భాగమే అనుకునేవాణ్ణి. ఆ ముప్పై సెకన్లకి నేను పళ్ళ ఇన్సూరెన్సు కడతాను, ఒంటికి వేరే ఇన్సూరెన్సు. 1840లో బాల్టిమోర్‌లో మొదటి దంత కళాశాల పెట్టి, నోటిని ఒంటి నుంచి విడదీసిన దేశం ఇది. ఆ విడదీత మనమూ నేర్చుకున్నాం. పళ్ళ డాక్టరు పళ్ళు చూస్తాడు, పెద్ద డాక్టరు గొంతు చూస్తాడు, మధ్యలో అంగిలి ఎవరిదీ కాదు. శ్రీకాకుళంలో తిరిగినవాళ్ళు దాన్ని తమది అనుకున్నారు.

గిరీశం వెంకటేశానికి చుట్ట మహత్యం మీద పద్యం వినిపించాడు. ఆ చుట్ట ఇప్పుడు తగ్గింది. బీచి రోడ్డు వెంబడి ఊళ్ళలో, ముసలివాళ్ళలో, ముఖ్యంగా చేపలమ్మే ఆడవాళ్ళలో అడ్డపొగ మాత్రం ఇంకా ఉంది. క్రితంసారి వెళ్ళినప్పుడు మా ఊరి వీధి అరుగు మీద డెబ్భై దాటిన ఒకావిడ నోట్లో చూశాను, ఆ కాలని కొన. సిగరెట్టు పెట్టెల మీద 2016 నుంచి 85 శాతం మేర పుండు బొమ్మతో హెచ్చరిక వేస్తున్నారు. ఆవిడ చుట్ట ఇంట్లో కాడ పొగాకుతో చుట్టుకున్నది, దానికి పెట్టె లేదు. "పిన్నీ, ఒకసారి నోరు చూపిస్తావా" అని అడిగాను. "నువ్వు కంప్యూటర్ల డాక్టరువి కదరా" అని నవ్వింది, కానీ తెరిచింది. ఫోను టార్చి వేసి చూశాను. తెల్లగా మందం కట్టి ఉంది, మధ్యలో వేరుసెనగ పలుకంత ఎర్రమచ్చ ఒకటి. వాళ్ళబ్బాయి ఫోను నంబరు తీసుకుని, అగనంపూడి ఆసుపత్రిలో ఓపీ ఎన్నింటికి మొదలవుతుందో కనుక్కుని, కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను. మొన్న ఫోన్ చేశాడు, ముక్క తీసి పరీక్షకి పంపారట. ఫలితం వచ్చే వారం.